రంగు ఊడిన గిటార్

(సంగీత మిత్రుల సాయంత్రపు కూడికలో చేసిన ప్రసంగం. టేపు విని రాసింది. వాయించి చూపించిన చోట్ల బ్రాకెట్లలో సూచించాం.)

అందరికీ నమస్కారం.

ముందుగా తెర మీద ఉన్న ఫొటో చూడండి. ఇది ఒక ఎలక్ట్రిక్ గిటార్. ఫెండర్ కంపెనీ 1961లో చేసిన స్ట్రాటోకాస్టర్, సీరియల్ నంబర్ 64351. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దీని రంగు సన్‌బర్స్ట్. అంటే నడుమ పసుపు, పక్కలకు ఎరుపు, అంచుల్లో నలుపు, సూర్యాస్తమయంలో ఆకాశం ఉన్నట్టు. ఇప్పుడు ఆ రంగు ఎంత మిగిలిందో మీరే చూడండి. చాలా మేర చెక్కే కనిపిస్తోంది. పాత ఇంటి గుమ్మానికి అందరూ చెయ్యి ఆనించే చోట రంగు పోయి కొయ్య బయటపడుతుంది చూశారా, అలా ఉంది.

దీన్ని పాడు చేయాలని ఎవరూ గీకలేదు. ఒకే మనిషి ముప్పై ఏళ్ళకు పైగా దీన్ని మెడలో వేసుకుని వాయించాడు. అతని చెమటకు, ముంజేతి రాపిడికి రంగు ఇలా ఊడిపోయింది. ఆ మనిషి పేరు రోరీ గ్యాలహర్. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చాలామంది గ్యాలగర్ అంటారు. ఐర్లండ్‌లో మాత్రం ఆ మధ్య అక్షరాన్ని పలకరు. నేను వాళ్ళ పద్ధతిలోనే అంటాను.

అతని గురించి ఎక్కడ చదివినా ఒక మాట కనిపిస్తుంది, 'రావలసినంత పేరు రాని గొప్ప గిటారిస్టు' అని. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా ఆ పేచీ గురించే అనుకోండి. పేరు రాకపోవడం వేరు, పేరు తెచ్చే దారి ఎదురుగా ఉన్నా అటు పోకపోవడం వేరు. రోరీ తన ఎదురుగా హాల్లో నిలబడిన మనుషుల్నే లెక్కలోకి తీసుకున్నాడు. హాలు బయట ఉన్న లెక్కలను పట్టించుకోలేదు. అతని కెరీర్‌లో మంచి జరిగినా, చెడు జరిగినా కారణం అదే.

పుట్టింది 1948 మార్చి 2న, ఐర్లండ్ వాయవ్యాన డోనెగల్ కౌంటీలోని బాలిషానన్ అనే చిన్న ఊళ్ళో. అక్కడ ఎర్న్ నది మీద జలవిద్యుత్ కేంద్రం కడుతున్న రోజులవి. తండ్రి ఆ పనిలో ఉండేవాడు, అకార్డియన్ వాయించేవాడు. తల్లి పాడేది, నాటకాల్లో వేసేది. తర్వాత కుటుంబం డెర్రీకి, అక్కణ్ణుంచి దక్షిణాన కార్క్ నగరానికి మారింది. తమ్ముడి పేరు డోనల్. ఈ తమ్ముణ్ణి గుర్తు పెట్టుకోండి. అన్న ఎక్కడికెళ్ళినా వెంట ఉండి, చివరిదాకా మేనేజరుగా అన్నీ చూసుకున్నది ఇతనే.

ఆ కాలపు ఐర్లండ్‌లో అమెరికన్ బ్లూస్, అంటే అక్కడి నల్లజాతివాళ్ళ సంగీతం, వినాలంటే రాత్రిపూట రేడియో దగ్గర కూర్చోవాలి. రేడియో లక్సెంబర్గ్ ఒకటి, యూరప్‌లోని అమెరికన్ సైనికుల కోసం నడిపే స్టేషను ఇంకొకటి. మన దగ్గర ఒక తరం రేడియో సిలోన్ కోసం ముల్లు అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నట్టే. ముందు బ్రిటిష్ గాయకుడు లోనీ డోనెగన్ స్కిఫిల్ పాటలు విన్నాడు. అమెరికన్ జానపద పాటలను హుషారుగా వాయించే పద్ధతి అది. ఆయన పాడుతున్న పాటలు అమెరికన్ గాయకులు లెడ్ బెల్లీ, వుడీ గత్రీలవని తెలిసి వాళ్ళను వెతికాడు. వాళ్ళ తర్వాత బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ దొరికాడు. తొమ్మిదేళ్ళ వయసు నుంచి తనంతట తానే గిటార్ నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఈ గిటార్ సంగతికి వద్దాం. 1963లో కార్క్ నగరంలో క్రౌలీస్ అనే సంగీత పరికరాల దుకాణంలో ఇది సెకండ్‌హ్యాండ్‌కు వచ్చింది. అంతకుముందు రాయల్ షోబ్యాండ్‌లో గిటారిస్టు జిమ్ కాన్లన్ దగ్గర ఉండేది. ఆయన ఎర్ర రంగుది కావాలని ఆర్డరిస్తే సన్‌బర్స్ట్ వచ్చింది. ఎర్రది వచ్చేదాకా దీన్ని వాడుకుని, తర్వాత అమ్మకానికి పెట్టాడు. ఐర్లండ్‌లోకి వచ్చిన మొదటి స్ట్రాటోకాస్టర్ ఇదేనని చెబుతారు. ధర 100 పౌండ్లు. పదిహేనేళ్ళ కుర్రాడికి, ఆ రోజుల్లో, ఆ ఇంటికి అది చాలా పెద్ద మొత్తం. వాయిదాల మీద కొన్నాడు. అమ్మను ఎలా ఒప్పించాడో డోనల్ తర్వాత చెప్పాడు. ఈ గిటార్ ఉంటే రిథమ్, లీడ్ రెండూ నేనే వాయించుకోగలను, ఇంకో మనిషితో పని ఉండదు, కాబట్టి డబ్బులు తొందరగా కట్టేస్తాను, అన్నాడట. రిథమ్ అంటే పాట వెనక నడిచే వాయింపు, లీడ్ అంటే ముందుకొచ్చి పలికే స్వరాలు. అమ్మను ఒప్పించడానికి రోరీ చెప్పిన ఆ మాటే తర్వాత అతని శైలి అయింది. జీవితంలో ఎక్కువ భాగం రెండో గిటారిస్టు లేకుండానే వాయించాడు.

అప్పు తీర్చాలి కదా, షోబ్యాండ్‌లో చేరాడు. షోబ్యాండ్ అంటే ఏమిటో మీకు చెప్పాలి. 1960ల ఐర్లండ్‌లో ఊరూరా డాన్సు హాళ్ళు ఉండేవి. ఒకే రకం సూట్లు వేసుకున్న ఏడెనిమిది మంది బ్యాండు రాత్రి నాలుగైదు గంటలు ఆగకుండా వాయించాలి. ఈ వారం రేడియోలో ఏ పాట నడుస్తుంటే ఆ పాట, రికార్డులో ఉన్నది ఉన్నట్టు. సొంత పాటలకు చోటు లేదు. ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో డాన్సు హాళ్ళు మూతపడితే ఇంగ్లండుకు వెళ్ళి అక్కడి ఐరిష్ కూలీలకు వాయించాలి.

నేను కుర్రతనంలో కృష్ణా జిల్లాలో ఆర్కెస్ట్రాల్లో వాయించాను. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, అమ్మవారి జాతరలు. సినిమా పాట క్యాసెట్‌లో ఎలా ఉందో అలాగే రావాలి. ఇంటర్‌ల్యూడ్‌లో ఒక్క స్వరం మార్చినా పందిట్లో ముందు వరసలోంచి కేక వినబడేది. అందుకే ఈ షోబ్యాండ్ సంగతి చదివినప్పుడు ఇదంతా నాకు తెలిసినదే అనిపించింది. ఆ పని మనిషిని ఎంత నలిపేస్తుందో తెలుసు, ఎంత నేర్పుతుందో కూడా తెలుసు. అలసిపోయినా వేళ్ళు ఆగకూడదు, తీగ తెగినా పాట ఆగకూడదు, జనం వెళ్ళిపోతుంటే వాళ్ళను తిరిగి పట్టుకోవాలి. ఇది ఏ కాలేజీలోనూ నేర్పరు. రోరీ చేరిన బ్యాండు పేరు ఫొంటానా, తర్వాత ఇంపాక్ట్ అని మార్చుకున్నారు. వేదిక మీద గంటల తరబడి నిలబడగలిగే శక్తి అతనికి అక్కడే వచ్చిందని నా గట్టి నమ్మకం.

ఈలోగా ఒక గండం గడిచింది. డబ్లిన్‌లో ఎవరో వ్యాన్‌లోంచి ఈ గిటార్ దొంగిలించారు. ఇంకా వాయిదాలు కడుతున్న గిటార్. టీవీలో పోలీసులు నడిపే కార్యక్రమంలో కూడా దీని గురించి చెప్పారు. కొన్నాళ్ళకు దొరికింది, వానకు తడిసి, గీతలు పడి. అది మళ్ళీ చేతికి వచ్చాక దీన్ని ఎప్పటికీ అమ్మను, రంగు కూడా వేయించను అనుకున్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు.

1966లో కార్క్‌లో టేస్ట్ అనే ముగ్గురి బ్యాండ్ పెట్టాడు. 1968 నాటికి బాస్ మీద రిచర్డ్ మెక్‌క్రాకెన్, డ్రమ్స్ మీద జాన్ విల్సన్ వచ్చారు. లండన్ చేరారు. ఆ ఏడాది నవంబరు 26న రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో క్రీమ్ బ్యాండు వీడ్కోలు కచేరీలు చేస్తే, ముందు వాయించిన వాళ్ళలో టేస్ట్ ఒకటి. మరుసటి ఏడాది బ్లైండ్ ఫెయిత్ అనే బ్యాండుతో అమెరికా పర్యటన. 1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవం, లక్షల మంది జనం. ఆ ఏడాది చివరికి బ్యాండ్ విడిపోయింది. దాని వెనక డబ్బు తగాదాలు, మేనేజ్‌మెంటు తగాదాలు ఉన్నాయి. వాటిలోకి నేను వెళ్ళను.

టేస్ట్ రోజుల నుంచి ఒక్క సంగతి మాత్రం చెప్పి తీరాలి. లండన్‌లో మార్క్వీ క్లబ్‌లో వాయిస్తుంటే ఒక విద్యార్థి వచ్చి వినేవాడు. ఒక రాత్రి కచేరీ అయ్యాక ఆగి, మీ గిటార్‌కు ఈ ధ్వని ఎలా వస్తోంది అని అడిగాడు. రోరీ దాచుకోలేదు. తన ఆంప్లిఫయర్ వాక్స్ ఏసీ30, దాని ముందు డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే చిన్న ట్రెబుల్ బూస్టర్ డబ్బా, అంతే అని చూపించాడు. ఆ కుర్రాడు వెళ్ళి అవే కొనుక్కున్నాడు. అతను తర్వాత క్వీన్ బ్యాండు గిటారిస్టు అయిన బ్రయన్ మే. ఈ సంగతి బ్రయన్ మే స్వయంగా చాలాసార్లు చెప్పాడు. అప్పటినుంచీ బ్రయన్ ఏసీ30లే వాడుతూ వచ్చాడు.

ఆ డబ్బా ఏం చేస్తుందో చెబుతాను. దాని లోపల ఒకే ఒక్క జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే సంకేతంలో పై స్థాయి శబ్దాలను పెంచి ఆంప్లిఫయర్‌లోకి తోస్తుంది. ఏసీ30లో వాల్వులు ఉంటాయి. మన పాత వాల్వు రేడియోలో ఉండేలాంటివే. వాటికి మామూలుగా పట్టేదానికంటే ఎక్కువ సంకేతం ఇస్తే శబ్దం అంచులు విరిగి, ఒక గరుకుదనం వస్తుంది. మెల్లగా మీటితే శుభ్రంగా పలుకుతుంది, గట్టిగా మీటితే బొంగురు పోతుంది. అంటే ధ్వని మార్చడానికి కాలితో స్విచ్ నొక్కనక్కర్లేదు, వేళ్ళ బలమే చాలు.

[గిటార్ మీద ఒకే పలుకును మెల్లగా, తర్వాత గట్టిగా వాయించి చూపించారు.]

విన్నారా? తేడా అంతా నా కుడి చేతిలోనే ఉంది.

బ్లూస్ గురించి కూడా రెండు ముక్కలు చెప్పనివ్వండి, ఇక్కడ కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టి. బ్లూస్‌లో ఎక్కువ పాటలు పన్నెండు బార్ల చట్రంలో నడుస్తాయి. బారుకు నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు బార్లూ షడ్జమం మీద కట్టిన కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, తర్వాత రెండు మధ్యమం మీద, మళ్ళీ రెండు షడ్జమం, తొమ్మిదోది పంచమం, పదోది మధ్యమం, చివరి రెండూ షడ్జమం. ఇంతే ఇల్లు. ఆ ఇంట్లో ఎలా తిరుగుతామన్నదే సంగీతం. ఇక బ్లూస్‌కు ప్రాణం లాంటి ఒక గాంధారం ఉంది. అది మన సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు. రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పియానోలో ఆ మెట్టు లేదు. గిటార్‌లో తీగను వేలితో పక్కకు లాగి దాన్ని పట్టుకోవాలి. వీణ మీద తీగ లాగి గమకం పలికించే చేతికి ఇది కొత్త సంగతి కాదు. ఇక వేలికి గాజు గొట్టమో లోహపు గొట్టమో తొడుక్కుని తీగల మీద జారిస్తే దాన్ని స్లయిడ్ అంటారు. గోటువాద్యం విన్నవాళ్ళకు ఆ జారుడు వెంటనే అర్థమవుతుంది.

[స్లయిడ్‌తో పన్నెండు బార్లు వాయించారు.]

రోరీ స్లయిడ్‌లో నాకు నచ్చేది తొందర. గోటువాద్యంలో ఉండే నిదానం అక్కడ ఉండదు, పరుగెత్తి వచ్చినవాడు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కానీ శ్రుతి తప్పదు.

1971 నుంచి సొంత పేరు మీద వాయించాడు. బాస్ మీద బెల్‌ఫాస్ట్ కుర్రాడు జెర్రీ మెక్‌అవాయ్ వచ్చి ఇరవై ఏళ్ళు పక్కనే ఉన్నాడు. ఆ ఒక్క ఏడాదిలోనే రెండు ఆల్బమ్‌లు. మరుసటి ఏడాది వచ్చిన లైవ్ రికార్డు 'లైవ్ ఇన్ యూరప్' బ్రిటన్‌లో టాప్ టెన్‌లోకి వెళ్ళింది. 1973లో మళ్ళీ రెండు ఆల్బమ్‌లు. మధ్యలో, తను చిన్నప్పుడు రేడియోలో విన్న మడ్డీ వాటర్స్ లండన్ వచ్చి రికార్డు చేస్తుంటే, ఆయన పక్కన కూర్చుని వాయించే అవకాశం వచ్చింది. రోరీ తన కచేరీ ముగించుకుని ఆలస్యంగా స్టూడియోకు చేరితే ఆ పెద్దాయన అతని కోసం ఆగాడు. ఈ సంగతి రోరీ చాలా ఇష్టంగా చెప్పుకునేవాడు.

సింగిల్స్ సంగతి. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పేరు రావాలంటే మూడు నిమిషాల పాటను చిన్న రికార్డుగా వదలాలి, అది చార్టుకెక్కాలి, బీబీసీలో 'టాప్ ఆఫ్ ద పాప్స్' కార్యక్రమంలో కనబడాలి. అందరూ వెళ్ళిన దారి అదే. రోరీ ఒప్పుకోలేదు. ఏడెనిమిది నిమిషాల పాటను కోసి మూడు నిమిషాలు చేయనన్నాడు. టేస్ట్ రోజుల్లో ఒక పాటను తనకు ఇష్టం లేకుండా జర్మనీలో సింగిల్‌గా వదిలినందుకు చాలా బాధపడ్డాడు. సొంత బ్యాండ్ వచ్చాక ఆ తలుపే మూసేశాడు. రికార్డు కంపెనీవాళ్ళకు ఎంత టెన్షన్ పెట్టి ఉంటాడో ఊహించండి. ఇందులో కొంత మొండితనం ఉంది, నేను కాదనను. ఒకటి రెండు పాటలు వదిలినా అతని సంగీతానికి ఏమీ అయ్యేది కాదు, వినేవాళ్ళు పెరిగేవాళ్ళు. కానీ అతని వైపు నుంచి చూస్తే, హాలుకు వచ్చినవాడు ఆ మూడు నిమిషాలే అడుగుతాడు, రికార్డులో ఉన్నట్టే వాయించమంటాడు. షోబ్యాండ్‌లో ఆ బతుకు బతికి బయటపడినవాడు తిరిగి అందులోకి వెళ్ళడానికి ఎలా ఒప్పుకుంటాడు?

ఇప్పుడు బెల్‌ఫాస్ట్ గురించి. ఈ సాయంత్రం నేను చెప్పాలని వచ్చింది అసలు ఇదే.

ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివర మొదలైన హింస గురించి మీలో చాలామందికి తెలుసు. బ్రిటన్‌తో ఉండాలనే వర్గం, వాళ్ళలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ఐర్లండ్‌తో కలవాలనే వర్గం, వాళ్ళలో ఎక్కువమంది కాథలిక్కులు. మధ్యలో సైన్యం. ఒక్క 1972లోనే 470 మందికి పైగా చనిపోయారు. బాంబులు, చెక్‌పోస్టులు, సాయంత్రానికే మూతపడే వీధులు. పేరున్న బ్యాండ్లు బెల్‌ఫాస్ట్ రావడం మానేశాయి. వాళ్ళను తప్పుపట్టలేం. ప్రాణభయం ఎవరికైనా ఉంటుంది. అది ఉత్త భయమూ కాదు. 1975 జులై 31న మయామీ షోబ్యాండ్ అనే బృందం ఉత్తర ఐర్లండ్‌లో కచేరీ చేసి డబ్లిన్‌కు తిరిగి వెళ్తుంటే, సైనికుల దుస్తుల్లో ఉన్న సాయుధులు దారిలో వ్యాన్ ఆపి ముగ్గురు సంగీతకారులను చంపేశారు. పాటలు వాయించి ఇంటికి పోతున్న మనుషులు వాళ్ళు. రోరీ కుర్రతనంలో చేసిన పనే వాళ్ళూ చేస్తున్నారు.

అలాంటి కాలంలో రోరీ ఏటా వెళ్ళాడు. 1972 కొత్త సంవత్సరం రోజున అల్స్టర్ హాల్‌లో వాయించాడు. ఆ హాలు బయట బ్యారికేడ్లు, లోపల ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు. పగలు ఒకరి వీధిలోకి ఒకరు అడుగు పెట్టలేని రెండు మతాల పిల్లలు ఆ రాత్రి పక్కపక్కన నిలబడి పాడారు. రోరీ వేదిక మీద శాంతి గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఏ పక్షం గురించీ మాట్లాడలేదు. వచ్చి గిటార్ తగిలించుకుని రెండు గంటలు వాయించాడు. ఆ ఊరి పిల్లలకు కూడా మిగతా ఊళ్ళ పిల్లల్లాగే ఒక కచేరీ కావాలి, అంతే.

1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ నగరాల్లో చేసిన పర్యటనను రికార్డు చేశారు, సినిమా కూడా తీశారు. దర్శకుడు టోనీ పామర్. రికార్డు పేరు 'ఐరిష్ టూర్ 74'. బాస్ జెర్రీ మెక్‌అవాయ్, డ్రమ్స్ రాడ్ డె ఆత్, కీబోర్డు లూ మార్టిన్. మర్చంట్ నేవీలో పనిచేసే మా మిత్రుడు ఒకాయన ఎక్కడో రేవులో కొని తెచ్చిన క్యాసెట్‌లో నేను దీన్ని మొదటిసారి విన్నాను. ఆర్కెస్ట్రా నుంచి తెల్లవారుజామున ఇంటికి వచ్చి, నిద్ర పట్టక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. చేయి ఆగిపోయింది. ఏళ్ళ తరబడి నేను వాయిస్తున్నది ఏమిటి, ఇతను వాయిస్తున్నది ఏమిటి అనిపించింది. రెండూ జనం ముందు వాయించినవే. కానీ ఇతను ప్రతి స్వరాన్నీ ఆ రాత్రి, ఆ హాలులో, ఆ జనం మధ్య కొత్తగా వెతుక్కుంటున్నాడు. జనం కేక వేస్తే ఆ కేకకు జవాబుగా ఒక పలుకు వస్తుంది. డ్రమ్స్ ఒక్కసారి తగ్గితే గిటార్ కూడా గుసగుసలోకి దిగుతుంది. అతని స్టూడియో రికార్డులు మంచివే, కానీ ఒక్కటీ ఆ రికార్డుకు సాటి రాదు. ఎదురుగా మనుషులు లేకపోతే అతనికి సగం వాయిద్యం లేనట్టే.

అందులో 'ఎ మిలియన్ మైల్స్ అవే' అనే పాట ఉంది. ఒక హోటల్ బారు, దాని నిండా జనం, ఆ జనం మధ్య కూర్చుని ఎక్కడో దూరాన ఉన్న మనిషి. అదే పాట. అందులో గిటార్ ఎక్కడా అరవదు. అలలాగా వస్తుంది, పోతుంది.

1974 చివర్లో గిటారిస్టు మిక్ టేలర్, బ్రిటన్‌లో పేరుమోసిన రోలింగ్ స్టోన్స్ బ్యాండును వదిలేశాడు. 1975 జనవరిలో వాళ్ళు రాటర్‌డామ్‌కు రమ్మని రోరీకి కబురు పెట్టారు. కొన్ని రాత్రులు వాళ్ళతో కూర్చుని వాయించాడు. ఏదీ తేలలేదు. జపాన్‌లో కచేరీలు ముందే ఒప్పుకుని ఉన్నాడు, టికెట్లు కొన్నవాళ్ళు ఉన్నారు. గిటార్ సర్దుకుని జపాన్ వెళ్ళిపోయాడు. తర్వాత ఆ చోటు రానీ వుడ్‌కు వెళ్ళింది. ఇది విన్న ప్రతివాళ్ళూ అయ్యో అంటారు. నాకు అయ్యో అనిపించదు. స్టోన్స్‌లో అతను చేయగలిగింది సగం గిటార్, వాళ్ళ గాయకుడు మిక్ జాగర్ వెనక నిలబడి. రెండూ నేనే వాయించుకుంటానని పదిహేనేళ్ళప్పుడు అమ్మకు చెప్పినవాడు అక్కడ ఎన్నాళ్ళు ఇమిడేవాడు?

ఇక్కడే ఇంకొకటి. అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ను ఎవరో, ప్రపంచంలో గొప్ప గిటారిస్టు కావడం ఎలా ఉందని అడిగితే, వెళ్ళి రోరీని అడగండి అన్నాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. హెండ్రిక్స్ ఆ మాట అన్నట్టు ఏ రికార్డూ లేదు. దయచేసి దాన్ని ఫార్వర్డ్ చేయకండి. రోరీ గురించి చెప్పడానికి నిజాలు చాలినన్ని ఉన్నాయి.

1977 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి ఒక ఆల్బమ్ మొత్తం చేశాడు. విడుదలకు సిద్ధమయ్యాక, ఇది నాకు నచ్చలేదు అని పక్కన పడేశాడు. అంత ఖర్చు, అంత శ్రమ. అదే సమయంలో కారు తలుపులో పడి బొటనవేలు విరిగింది. తిరిగి వచ్చి బ్యాండ్‌ను మళ్ళీ ముగ్గురికి కుదించి, 1978లో 'ఫొటో ఫినిష్' చేశాడు. పక్కన పడేసిన ఆ రికార్డును అతను పోయిన చాలా ఏళ్ళకు, 2011లో, కుటుంబం విడుదల చేసింది. నేను విన్నాను. బాగానే ఉంది. కానీ నునుపుగా ఉంది. అతనికి ఎందుకు నచ్చలేదో తెలుస్తుంది.

ఎనభైల్లో గాలి మారింది. సింథసైజర్లు, వీడియోలు. రోరీ జర్మనీ, గ్రీస్, స్పెయిన్, తూర్పు యూరప్ ఇలా తిరుగుతూనే ఉన్నాడు. 1981 సెప్టెంబరులో ఏథెన్స్‌లో ఫుట్‌బాల్ మైదానంలో వాయిస్తే వేలకు వేల మంది వచ్చారు, బయట పోలీసులతో గొడవలయ్యాయి. రికార్డులు మాత్రం తగ్గాయి. 1987లో 'డిఫెండర్', 1990లో 'ఫ్రెష్ ఎవిడెన్స్'. చివరిది నాకు చాలా ఇష్టం. ఆరోగ్యం పాడవుతున్న మనిషి గొంతు అందులో వినిపిస్తుంది, గిటార్ మాత్రం అలిసిపోలేదు.

ఆరోగ్యం సంగతి చెప్పక తప్పదు. అతనికి విమానం అంటే భయం పట్టుకుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ప్రయాణాల్లో ఉండే మనిషికి ఇంతకంటే శాపం ఏముంటుంది? డాక్టర్లు మందులు రాశారు. ఆ మందులు, దానికి తోడు మద్యం, రెండూ కలిసి కాలేయాన్ని తిన్నాయి. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. కచేరీ నుంచి హోటలు గదికి, గది నుంచి కచేరీకి. 1991లో జెర్రీ మెక్‌అవాయ్ కూడా వెళ్ళిపోయాడు. హాల్లోని మనుషులే లోకం అనుకున్నవాడికి హాలు ఖాళీ అయ్యాక ఏం మిగులుతుంది అనే ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా వేధిస్తోంది. ఆ రెండు గంటలు అతన్ని బతికించాయి. మిగతా ఇరవై రెండు గంటలకు అతని దగ్గర ఏమీ లేకుండా పోయింది. మన దగ్గర కూడా నాటకాల వాళ్ళలో, హరికథల వాళ్ళలో, ఆర్కెస్ట్రాల వాళ్ళలో ఇలాంటి మనుషులను నేను చూశాను. ఇక్కడున్న కుర్రాళ్ళకు చేతులు జోడించి చెబుతున్నాను, ఆ భాగాన్ని అందంగా ఊహించుకోకండి. దాంట్లో అందం లేదు.

1995 జనవరి 10న నెదర్లాండ్స్‌లో చివరిసారి వేదిక ఎక్కాడు. కాలేయం పూర్తిగా దెబ్బతింది. లండన్‌లో కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో కాలేయ మార్పిడి చేశారు. మార్పిడి విజయవంతమైంది, కోలుకుంటున్నాడు కూడా. అప్పుడు మందులకు లొంగని ఇన్ఫెక్షన్ సోకింది. 1995 జూన్ 14న పోయాడు. నలభై ఏడేళ్ళు. కార్క్ దగ్గర బాలిన్‌కాలిగ్‌లో సమాధి చేశారు. వీధుల పొడవునా జనం నిలబడ్డారు.

ఇప్పుడు బాలిషానన్‌లో అతని విగ్రహం ఉంది. డబ్లిన్‌లో టెంపుల్ బార్ దగ్గర ఒక మూలకు అతని పేరు పెట్టి, గోడకు ఈ గిటార్ నమూనా తగిలించారు. కార్క్‌లో ఒక కూడలికి అతని పేరే. 2025 జనవరిలో బెల్‌ఫాస్ట్‌లో, ఆ అల్స్టర్ హాల్ బయటే, కంచు విగ్రహం పెట్టారు. ఇన్ని విగ్రహాల్లో నాకు ఆ చివరిదే సరైన చోట ఉన్నట్టు అనిపిస్తుంది.

గిటార్ ఏమైందని అడుగుతారు. డోనల్ ముప్పై ఏళ్ళు దాచాడు. మధ్యలో 1997లో ఫెండర్ కంపెనీ దీని నమూనాలు చేసింది. కొత్త గిటార్ తయారుచేసి, సరిగ్గా ఇవే చోట్ల రంగు ఊడినట్టు చేసి అమ్మింది. ఒకటి నేను చేత్తో పట్టుకుని వాయించాను. పనితనం గొప్పదే. కానీ ఆ రంగు ఎవరి చెమటకూ ఊడలేదు కదా అని చేయి పెట్టిన ప్రతిసారీ అనిపించింది. చివరికి 2024 అక్టోబరులో లండన్‌లో బొనమ్స్ సంస్థ అసలు గిటార్‌ను వేలం వేసింది. రుసుములతో కలిపి 8,89,400 పౌండ్లకు పోయింది. వేలం కబురు వచ్చినప్పుడు, ఏ కోటీశ్వరుడో కొని గాజు బీరువాలో పెట్టి తాళం వేస్తాడని నాకు చాలా బెంగ పట్టుకుంది. ఐర్లండ్‌లో జనం కూడా దాన్ని దేశం దాటనివ్వొద్దని అడిగారు. లైవ్ నేషన్ గెయిటీ అనే ఐరిష్ కచేరీల సంస్థ కొని, ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేసింది. వాయిదాల మీద 100 పౌండ్లకు కొన్న గిటార్, ఒకసారి దొంగల చేతిలో వానలో తడిసిన గిటార్, ఇంటికి చేరింది. తెర మీద ఇంకోసారి చూడండి. పైన బిరడాలు ఆరు ఉన్నాయి, అందులో ఒకటి వేరే కంపెనీది. ఏదో ఒక పర్యటనలో పాడైతే దొరికినది బిగించుకుని, మరుసటి రాత్రి వాయించేసి ఉంటాడు.

నేను చెప్పాలనుకున్నది అయిపోయింది. ఇక వినాలి. 'ఐరిష్ టూర్ 74' నుంచి 'ఎ మిలియన్ మైల్స్ అవే' పెడుతున్నాను, దాదాపు తొమ్మిది నిమిషాలు ఉంటుంది, మధ్యలో ఆపను. వెనక ఉన్నవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఉన్నాయి. ఆ ఫ్యాన్ ఒక్కటి ఆపేయండి బాబూ, గిటార్ మెల్లగా దిగే చోట అది అడ్డం వస్తుంది.

[పాట వినిపించారు.]